గోడ ఎప్పటిది, మంచం ఎప్పటిది? ఆల్ప్స్ కోటల్లో ‘మధ్యయుగపు గది’ వయసు లెక్క

ఇటలీ వాయవ్య మూలన, ఆల్ప్స్ పర్వతాల మధ్య ఇస్సోన్యె అనే చిన్న ఊరుంది. అక్కడి కోట గురించి చదవబోతే మొదట్లోనే రెండు మాటలు ఎదురవుతాయి. మధ్యయుగం చివరి నాటి ఇంటి లోపలి భాగం ఇంత బాగా మిగిలిన కోటలు ఆల్ప్స్‌లో అరుదు అన్నది ఒకటి. 1872లో ఒక చిత్రకారుడు ఈ కోటను కొనేనాటికి గదుల్లో పాత సామాను లేదు, ఇప్పుడు కనిపించే మంచాలు, పెట్టెలు, కుర్చీల్లో చాలావరకు ఆయన తెచ్చి పెట్టించినవే అన్నది రెండోది. చదివినవాళ్ళకి సహజంగానే అనుమానం వస్తుంది. అయితే ఇది మధ్యయుగపు కోటా, పంతొమ్మిదో శతాబ్దపు అలంకరణా?

రెండు మాటలూ నిజమే. ‘మధ్యయుగపు గది’ అన్నదాన్ని ఒకే వస్తువుగా చూడటం వల్ల అవి పొసగనట్టు అనిపిస్తాయి. గది అంటే రాతిగోడ, దాని మీద గచ్చు, గచ్చు మీద బొమ్మ, పైన దూలాలు, కింద నేల, మధ్యలో సామాను. వీటిలో ఒక్కోదాని వయసు ఒక్కోటి. ఇస్సోన్యెకి సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలో ఫెనీస్ అనే మరో కోట ఉంది. రెండూ ఒకే వంశానివి. పంతొమ్మిదో శతాబ్దంలో రెండింటినీ కాపాడినవాళ్ళు చిత్రకారులే, ఒకరికొకరు బాగా తెలిసినవాళ్ళే. ఒకరు 1906లో, ఇంకొకరు 1907లో తమ కోటను ఇటలీ ప్రభుత్వానికి ఇచ్చేశారు. అయినా ఆ రెండు కోటల్లోని గదులు ఇప్పుడున్న రూపానికి వచ్చిన దారులు వేరు. పక్కపక్కన పెట్టి చూస్తే ఈ వయసుల చిక్కు చాలావరకు విడిపోతుంది.

కనుమల దారి మీద ఒక సామంత వంశం

ఈ రెండు కోటలూ అయోస్తా లోయలో ఉన్నాయి. లోయ పొడవునా డోరా బాల్టెయా నది పారుతుంది. రోమన్లు క్రీ.పూ. 25లో ఇక్కడ ఒక నగరం కట్టారు. నేటి అయోస్తా పట్టణం అదే. 2,469 మీటర్ల ఎత్తున్న గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ కనుమ దాటితే స్విట్జర్లాండ్, లిటిల్ సెయింట్ బెర్నార్డ్ కనుమ దాటితే ఫ్రాన్స్. రోమ్‌కి వెళ్ళే యాత్రికులు, వర్తకులు, సైన్యాలు, రాజులు ఈ లోయ గుండా నడిచేవారు. ఆ దారి మీద సుంకం వసూలు చేయగలిగినవాడికి డబ్బు, దారిని మూసేయగలిగినవాడికి పలుకుబడి.

లోయ మీద పై అధికారం సావోయ్ ప్రభువులది. వాళ్ళ కింద స్థానికంగా అన్నిటికన్నా పెద్ద వంశం షాలాన్. మనకి అలవాటైన మాటలో చెప్పాలంటే సామంతులు. 1295లో ఎబాల్ ద షాలాన్ తన వంశానికి ఉన్న అయోస్తా ఉపప్రభువు పదవిని సావోయ్ ప్రభువు ఐదో అమెడియస్‌కి వదిలేసి, దానికి బదులుగా మోంజొవే కోట తీసుకున్నాడు. పదవి పోయినా వంశం బలం తగ్గలేదు. శాఖలుగా విడిపోయి, లోయలో పలుచోట్ల కోటలు కట్టుకున్నారు, ఉన్నవాటిని పెంచుకున్నారు. ఫెనీస్ 1242 నాటికే వాళ్ళ ఆస్తిగా పత్రాల్లో కనిపిస్తుంది. ఇస్సోన్యె మొదట అయోస్తా బిషప్‌లది. 1379లో ఇబ్లేటో ద షాలాన్ చేతికి వచ్చింది.

కోటలన్నీ యుద్ధం కోసమే కట్టలేదు

కోట అనగానే ఫిరంగులు, ముట్టడి, కందకం గుర్తొస్తాయి. గోల్కొండ, కొండవీడు చూసినవాళ్ళకి అది సహజం. కానీ ఆల్ప్స్ కోటల గదుల సంగతి అర్థం కావాలంటే, కోట చేసే పనులు కనీసం మూడని గుర్తుపెట్టుకోవాలి: కాపలా, కాపురం, ప్రదర్శన. ఒకే వంశం కట్టించిన మూడు కోటల్లో ఈ మూడూ వేర్వేరు పాళ్ళలో కనిపిస్తాయి.

ఇస్సోన్యెకి నది అవతల, ఎత్తైన బండ మీద వెరెస్ కోట ఉంది. 1390లో ఇబ్లేటో కట్టించాడు. ఒక్కో వైపు సుమారు 30 మీటర్లు ఉండే రాతి ఘనం, పెద్దగా అలంకారాల్లేని గోడలు. చూడగానే ఇది సైనికుల కోసం కట్టిందని తెలుస్తుంది.

ఫెనీస్ దీనికి తిరగేసినట్టు ఉంటుంది. అయిదు మూలల కట్టడం, చుట్టూ రెండు వరసల ప్రాకారం, బురుజులు. బయటినుంచి చూస్తే గట్టి యుద్ధకోట అనిపిస్తుంది. తీరా చూస్తే అది నిలబడింది వాలు తక్కువున్న చిన్న మిట్ట మీద. కొండ చరియ, లోతైన లోయ లాంటి సహజ రక్షణ ఏదీ లేదు. అందుకే చాలామంది చరిత్రకారులు దాన్ని షాలాన్‌ల హోదా చాటే భవనంగా చూస్తారు. పధ్నాలుగో శతాబ్దంలో ఎమాన్ ద షాలాన్, ఆయన కొడుకు బోనిఫాస్ దీన్ని ఈ స్థాయికి పెంచారు. నా దృష్టిలో ఈ ప్రదర్శన అన్న మాటను చిన్నచూపుగా తీసుకోకూడదు. సుంకం కట్టడానికి వచ్చిన వర్తకుడికీ, విడిదికి వచ్చిన రాయబారికీ ఆ ప్రాకారాలు ఏదో ఒకటి చెప్పాలి, చెప్పాయి కూడా. పరిపాలనలో అదీ ఒక భాగమే.

ఇస్సోన్యె మరీ వేరు. బయట నుంచి అది పెద్ద ఇల్లులా ఉంటుందే తప్ప కోటలా కనిపించదు. మూడు వైపులా కట్టడం, మధ్యలో ఆకాశం కనిపించే ఆవరణ. మన మండువా లోగిలి తెలిసినవాళ్ళకి ఆ ఏర్పాటు చప్పున అర్థమవుతుంది: ఇంటి వ్యవహారమంతా లోపలికి తిరిగి ఉంటుంది, వీధికి కాదు. వైభవమంతా ఆ ఆవరణలోనే.

ఇస్సోన్యె ఆవరణ: రోజువారీ బతుకు గోడకెక్కిన చోటు

ఇప్పుడున్న రూపం ఇస్సోన్యెకి 1490 నుంచి 1509 మధ్య వచ్చింది. చేయించినవాడు జార్జ్ ద షాలాన్, అయోస్తాలోని సాంతోర్సో మఠానికి అధిపతి. తన కోసం కాదు. చనిపోయిన దగ్గరి బంధువు భార్య మార్గరీట్, ఆమె కొడుకు ఫిలిబేర్ కోసం ఈ పని పెట్టుకున్నాడు. విడివిడిగా ఉన్న పాత కట్టడాల్ని కలిపి ఒక్క భవనం చేశాడు, గదులకి బొమ్మలు వేయించాడు. 1509లో జార్జ్ చనిపోయేనాటికి పని ఆగింది. అదే ఏడు విజయనగరంలో కృష్ణదేవరాయలు సింహాసనమెక్కాడు. కాలాన్ని మన వైపు నుంచి కొలుచుకోవడానికి ఇది పనికొస్తుంది.

ఈ తేదీలోనే ఒక చిక్కుంది. చాలా పాఠ్యపుస్తకాల్లో మధ్యయుగం కొలంబస్ ప్రయాణంతో, అంటే 1492తో, ముగిసిపోతుంది. ఆ లెక్కన ఇస్సోన్యెలో పని మొదలైంది మధ్యయుగంలో, చాలావరకు జరిగింది మాత్రం ఆ తర్వాత. ఫ్లోరెన్స్‌లో అప్పటికి పునరుజ్జీవనం అనే కొత్త కళాశైలి బాగా పాతుకుపోయింది. ఆల్ప్స్ లోయల్లో మాత్రం మధ్యయుగపు గోతిక్ పద్ధతి ఇంకా నడుస్తూనే ఉంది. అందువల్ల కొందరు దీన్ని మధ్యయుగపు కోట అంటారు, కొందరు పునరుజ్జీవన కాలపు భవనం అంటారు. ఒకే గదిలో గ్రీకు పురాణంలో పారిస్ అనే రాకుమారుడు ముగ్గురు దేవతల్లో అందగత్తె ఎవరో తేల్చే ఘట్టం, పాత పద్ధతి వేట దృశ్యాలు రెండూ కనిపిస్తాయి. కాబట్టి ఈ రెండు పేర్లలో ఒకదాన్ని తప్పని కొట్టేయాల్సిన పని లేదు.

ఆవరణలోకి అడుగుపెట్టగానే ఎదురయ్యేది ఇనుప చెట్టు. ఎనిమిది పలకల రాతి తొట్టి మధ్యలో నిలబడి ఉంటుంది. కొమ్మలకి దానిమ్మ పళ్ళు, కానీ ఆకులు మాత్రం ఓక్ చెట్టువి. కొమ్మల మధ్య నుంచి నీళ్ళు తొట్టిలో పడతాయి. ఓక్ బలానికీ, గింజలు నిండిన దానిమ్మ సంతానానికీ, ఐకమత్యానికీ గుర్తులని చెబుతారు. 1502లో ఫిలిబేర్ పెళ్ళి సందర్భంగా దీన్ని చేయించి ఉంటారని ఎక్కువమంది భావిస్తారు. చుట్టూ గోడల మీద షాలాన్ వంశ శాఖల చిహ్నాలు వరసగా ఉంటాయి. ఆ ఇంటి పిల్లలు రోజూ ఆడుకునే చోట, వాళ్ళు ఎవరి వారసులో చెప్పే పట్టిక అన్నమాట.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆకట్టుకునేవి మాత్రం వసారా కమానుల కింద ఉన్న బొమ్మలు. ప్రభువుల ఇంట్లో దేవుళ్ళు, వీరులు, వేటలు ఉంటాయని అనుకుంటాం. ఇక్కడ వరసగా దుకాణాలున్నాయి. ఒక కమాను కింద కూరగాయల సంత. ఇంకోచోట బట్టలు కత్తిరిస్తున్న దర్జీ, అల్మారాలో చుట్టి పెట్టిన తానులు. మరోచోట మందుల దుకాణం: పేర్లు రాసిన జాడీలు, రోట్లో మందు నూరుతున్న మనిషి. రొట్టెల బట్టీ, మాంసం కొట్టు, జున్ను చక్రాలు పేర్చిన కొట్టు ఉన్నాయి. ఆ జున్ను తమ ప్రాంతపు రకం ఫొంటీనాయే అని లోయ జనం గర్వంగా చెప్పుకుంటారు. కాపలా గది బొమ్మలో గోడకి ఆయుధాలు వేలాడుతుంటే, సైనికులు కాపలా మానేసి ఆటలో, తగాదాలో మునిగి ఉంటారు.

ఈ బొమ్మల ఉద్దేశం మీద ఏకాభిప్రాయం లేదు. మంచి పాలన వల్ల సంతలు నిండుగా ఉన్నాయని చూపించే చిత్రాలని ఒక వాదన. అతిథుల్ని నవ్వించడానికి వేసిన సరదా దృశ్యాలని మరో వాదన. ఉద్దేశం ఏదైనా, అప్పటి అంగడి లోపల అల్మారా ఎలా ఉండేదో, త్రాసు ఎలా పట్టుకునేవారో, కసాయివాడు ఏం కట్టుకునేవాడో తెలుసుకోవడానికి ఇంత నేరుగా దొరికే ఆధారం తక్కువ. సామాను పోయిన కోటలో, సామాను ఎలా ఉండేదో చెప్పే సాక్ష్యం గోడ మీద మిగిలింది.

రంగు ఐదు వందల ఏళ్ళు ఎలా నిలిచింది?

గోడబొమ్మలన్నీ ఒకే పద్ధతిలో వేసినవి కావు. ‘ఫ్రెస్కో’ అన్న మాటను అన్నిటికీ వాడేస్తుంటారు కానీ, దానికి కచ్చితమైన అర్థం ఉంది. సున్నం, ఇసుక కలిపిన గచ్చు ఇంకా తడిగా ఉండగానే నీళ్ళలో కలిపిన రంగు వేయడం ఫ్రెస్కో. తడి సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని, ఆరేకొద్దీ మళ్ళీ సున్నపురాయిగా మారుతుంది. రంగు రేణువులు ఆ రాయిలో చిక్కుకుపోతాయి. అంటే రంగు గోడ మీద ఉండదు, గోడలో ఉంటుంది. ఒక రోజులో వేయగలిగినంత మేరకే గచ్చు పూసేవారు. ఏ రోజు పని ఎక్కడ ఆగిందో ఆ అతుకులు దగ్గరగా చూస్తే ఇప్పటికీ తెలుస్తాయి.

రెండో పద్ధతిలో, ఆరిపోయిన గోడ మీద జిగురుతోనో గుడ్డు సొనతోనో కలిపిన రంగు వేస్తారు. ఇది పొరలా ఉంటుంది, కాబట్టి రాలిపోతుంది. కొన్ని రంగులకి, ముఖ్యంగా రాగి ఖనిజం నుంచి వచ్చే నీలానికి, తడి సున్నం పడదు. దాన్ని ఆరిన గోడ మీదే వేయాలి. అందుకే పాత బొమ్మల్లో చాలాచోట్ల ముఖాలు, బట్టలు బాగానే ఉండి, ఆకాశమో మేరీమాత పైవస్త్రమో మాత్రం మసకబారి, నల్లబడి కనిపిస్తుంది. అలాంటి బొమ్మలో నీలం మాత్రం కొత్తగా మెరుస్తుంటే, తర్వాతెవరో మళ్ళీ వేశారా అని నిపుణులు ముందు అనుమానిస్తారు.

చెక్క వయసుకి వేరే పరీక్ష ఉంది. చెట్టు ఏటా ఒక వలయం పెంచుకుంటుంది. వానలు, చలి బట్టి ఆ వలయం మందం మారుతుంది. ఒక ప్రాంతపు చెట్ల వలయాల వరసను శతాబ్దాల మేరకు కూర్చి పెట్టుకుంటే, పాత దూలంలోని వలయాల్ని దానితో పోల్చి చెట్టును ఏ ప్రాంతంలో, ఏ కాలంలో నరికారో చెప్పొచ్చు. బెరడు కింది వలయం మిగిలి ఉంటే నరికిన ఏడు కూడా తెలుస్తుంది. అయితే దూలం వయసు గది వయసు కాకపోవచ్చు. పాత కట్టడం నుంచి ఊడదీసిన దూలాన్ని కొత్త గదిలో వాడటం అప్పట్లో మామూలే.

సామాను ఎక్కడికి పోయింది?

పోవడం అనేది చాలావరకు అప్పటి జీవన పద్ధతిలోనే ఉంది. ఒక ప్రభువుకి నాలుగైదు కోటలుంటే, ఏడాదిలో ఒక్కోదాంట్లో కొంతకాలం ఉండేవాడు. కుటుంబంతో పాటు పందిరి మంచం తెరలు, గోడలకి వేలాడదీసే నేత తెరలు, వెండి పాత్రలు, భోషాణాలు బండ్లెక్కేవి. భోషాణం అంటే అటు పెట్టె, ఇటు బల్ల, దారిలో సరుకు సామాను. ప్రభువు లేనప్పుడు గది ఖాళీగానే ఉండేది. ఇవాళ్టి మ్యూజియంలో ఖాళీ గది చూసి పాపం అనుకుంటాం కానీ, ఏడాదిలో చాలా నెలలు అది అలాగే ఉండి ఉంటుంది.

ఇస్సోన్యె విషయంలో వంశ చరిత్ర కూడా తోడైంది. ఫిలిబేర్ కొడుకు రెనే సావోయ్ దర్బారులో గొప్ప స్థానానికి వెళ్ళాడు. 1565లో మగ సంతానం లేకుండా చనిపోయాడు. ఆస్తి కూతురి వైపు, అంటే మద్రుత్సో కుటుంబానికి వెళ్ళింది. మిగతా షాలాన్‌లు ఒప్పుకోలేదు. వ్యాజ్యం తరాల తరబడి సాగి, 1696లో గానీ కోట మళ్ళీ షాలాన్‌లకి రాలేదు. అప్పటికి వంశం చితికిపోయింది. 1802లో చివరి వారసుడితో షాలాన్ వంశమే ఆగిపోయింది. తర్వాత చేతులు మారుతూ, సామాను ఒక్కొక్కటే పోతూ, 1872 నాటికి కోట వేలానికి వచ్చింది.

ఫెనీస్ కథ ఇంకా కష్టం. 1716లో అప్పుల్లో ఉన్న షాలాన్‌లు దాన్ని అమ్ముకున్నారు. ఆ తర్వాత అది రైతుల ఇల్లయింది. కొన్ని గదులు పశువుల కొట్టంగా, కొన్ని గడ్డివాములుగా మారాయి. ఒక మాట చెప్పాలి: రైతులు వాడుకోవడం వల్లే పైకప్పు నిలిచిన కోటలు ఉన్నాయి. మనుషులు పూర్తిగా వదిలేసిన కోటలో వాన చేసే నష్టం పశువులు చేసేదానికన్నా ఎక్కువ.

గోడల మీద గీసిన రాతలు: పాడుచేయడమా, పత్రమా?

ఇస్సోన్యెలో ఇంకో పొర ఉంది. వసారాల్లో, నడవాల్లో, తలుపుల పక్కన వందల కొద్దీ రాతలు గచ్చులోకి గీసి ఉన్నాయి. ఎక్కువగా ఫ్రెంచిలో, కొన్ని లాటిన్‌లో. ఆ ఇంటివాళ్ళు, అతిథులు, నౌకర్లు శతాబ్దాల పాటు గీసినవి. ప్రేమ, డబ్బు, బతుకు నిలవదన్న దిగులు, ఎవరు వచ్చారు, ఎవరు వెళ్ళారు అన్న కబుర్లు. 1565లో రెనే చనిపోయినప్పుడు ఆ దుఃఖాన్ని ఎవరో గోడ మీదే రాసుకున్నారు.

ఇవాళ ఒక సందర్శకుడు అక్కడ తన పేరు గీస్తే అది నేరం. అదే పని నాలుగు వందల ఏళ్ళ క్రితం చేసింది మాత్రం చరిత్రకి ఆధారం. ఇందులో వైరుధ్యం ఉన్నట్టు అనిపిస్తుంది కానీ తేడా స్పష్టంగానే ఉంది. అప్పుడు రాసినవాళ్ళు ఆ ఇంట్లో బతుకుతున్నవాళ్ళు, గోడ వాళ్ళ వాడుకలో ఉంది. ఇప్పుడు ఆ గోడ ఆ రాతలకే సాక్ష్యం. కొత్త గీత పాత గీతను చెరిపేస్తుంది. అసలైన సమస్య వేరేచోట ఉంది. రాత ఒక బొమ్మ మీద గీసి ఉంటే, మరమ్మతు చేసేవాళ్ళు ఏం చేయాలి? బొమ్మను 1500 నాటి రూపానికి తేవాలంటే గీతను పూడ్చాలి. పూడిస్తే 1565 నాటి మనిషి మాట పోతుంది. ఈ కోటలో రాతల్ని ఉంచేశారు, అదే మంచిదైంది.

ఇద్దరు చిత్రకారులు, ఒక ఎగ్జిబిషన్

1872లో ఇస్సోన్యెను కొన్నది టురిన్ నగర చిత్రకారుడు విట్టోరియో అవొండో. చుట్టుపక్కల దుకాణాల్లో, వేలాల్లో ఆ కాలానికి తగిన సామాను వెతికి కొన్నాడు. దొరకనిచోట పాతవాటి నమూనాలో కొత్తవి చేయించాడు. భవనాన్ని మరమ్మతు చేశాడు కానీ, కొత్త బురుజులు కట్టలేదు, గోడబొమ్మల్ని ఎక్కువ ముట్టుకోలేదు. ఆయన ఉద్దేశం మ్యూజియం పెట్టడం కాదు. 1500 నాటి ఇంట్లో కాపురం ఎలా ఉండేదో ఆ గదుల్లో కనిపించాలనుకున్నాడు.

అదే రోజుల్లో బవేరియాలో రాజు రెండో లుడ్విగ్ నోయ్‌ష్వాన్‌స్టైన్ కట్టిస్తున్నాడు. 1869లో మొదలైన ఆ కోట చూడటానికి పక్కా మధ్యయుగం. నిజానికి పునాదుల నుంచి పంతొమ్మిదో శతాబ్దమే. ఫొటోల్లో ఈ రెండూ ఒకే రకం ‘ఆల్ప్స్ కోటలు’గా కలిసిపోతుంటాయి. ఒకదాంట్లో గోడ పాతది, సామాను తర్వాతది. రెండోదాంట్లో రెండూ కొత్తవే, ఊహ మాత్రం పాత కాలానిది.

ఫెనీస్‌ను 1895లో కొన్నవాడు అల్ఫ్రెడో ద ఆంద్రాదే. లిస్బన్‌లో పుట్టి ఇటలీలో స్థిరపడ్డ చిత్రకారుడు. తర్వాత పురాతన కట్టడాల సంరక్షణలో ప్రభుత్వ అధికారి కూడా అయ్యాడు. అంతకు ముందే, 1884లో టురిన్‌లో జరిగిన జాతీయ ఎగ్జిబిషన్ కోసం పో నది ఒడ్డున ఒక ‘మధ్యయుగపు ఊరు’ కట్టించే బృందానికి ఆయన నాయకుడు. అవొండో కూడా అందులో ఉన్నాడు. ఊహించి కట్టకుండా, పీడ్మాంట్, అయోస్తా ప్రాంతాల్లో నిజంగా ఉన్న కట్టడాల కొలతలు తీసి, బొమ్మల్ని నకలు చేసుకుని కట్టారు. అందులోని కోట ఆవరణకి ఫెనీస్ నమూనా. దానిమ్మ ఫౌంటెన్ ఇస్సోన్యెది. టురిన్‌లో ఇప్పటికీ ఆ నకలు ఉంది. అందుకే ఇంటర్నెట్లో ఇస్సోన్యె ఫౌంటెన్ అని కనిపించే కొన్ని ఫొటోలు నిజానికి టురిన్‌వి అయ్యే అవకాశం ఉంది.

ఒక్క గదిని పొరలుగా విడదీస్తే

ఇప్పుడు ఇస్సోన్యె కింది అంతస్తులోని పెద్ద హాలును తీసుకుందాం. గోడల మీద పాలరాతి స్తంభాలు, గాజులా పారదర్శకంగా ఉండే స్తంభాలు ఉన్నట్టు బొమ్మలు వేశారు. ఆ స్తంభాల సందుల్లోంచి దూరంగా కొండలు, ఊళ్ళు, వేట కనిపిస్తున్నట్టు భ్రమ కల్పించారు.

ఈ గది వయసెంత అని అడిగితే జవాబులు ఇలా వస్తాయి. జార్జ్ పాత కట్టడాల్ని కలుపుకున్నాడు కాబట్టి కోట గోడల్లో కొన్ని ఆయనకన్నా ముందువి. బొమ్మలు 1500కి అటూ ఇటూ. కోటలోని గీతరాతలు పదహారో శతాబ్దం మీదుగా పంతొమ్మిది దాకా. సామాను ఎంపిక 1872 తర్వాతది. అందులో కొన్ని వస్తువులు నిజంగానే పదిహేను, పదహారు శతాబ్దాలవి, కానీ వేరే ఇళ్ళ నుంచి వచ్చాయి. కొన్ని అవొండో చేయించిన నకళ్ళు. తాడు కట్టి సందర్శకుడిని ఆపే ఏర్పాటు 1907 తర్వాతది.

కాబట్టి ‘ఈ కుర్చీ పాతదేనా’ అన్న ప్రశ్నలో రెండు ప్రశ్నలున్నాయి. కుర్చీ ఆ కాలానిదా అన్నది ఒకటి, ఆ గదిదా అన్నది రెండోది. మొదటిదానికి అవునని, రెండోదానికి కాదని జవాబు రావొచ్చు. గైడ్ ‘ఒరిజినల్’ అన్నప్పుడు ఈ రెండిట్లో ఏది అంటున్నారో తెలియకపోతేనే గందరగోళం.

పునరుద్ధరణ మీద పాత తగువు

పాతదాన్ని బాగుచేయడం పంతొమ్మిదో శతాబ్దపు పిచ్చి అని కొందరంటారు. అది పూర్తిగా సరి కాదు. ఆల్ప్స్ తూర్పు వైపు, బొల్జానో పట్టణం పక్కన రుంకెల్‌స్టైన్ కోట ఉంది. వింట్లర్ అనే ధనిక వర్తక సోదరులు దాన్ని కొని, 1400 ప్రాంతంలో ట్రిస్టన్ లాంటి వీరుల కథలతో గోడలు నింపారు. వందేళ్ళు గడిచేసరికి బొమ్మలు చెడ్డాయి. పదహారో శతాబ్దం మొదట్లో చక్రవర్తి మొదటి మాక్సిమిలియన్ ఆ మంచి పాత కథల కోసమైనా బొమ్మల్ని కొత్త చేయించాలని నిర్ణయించాడు. అంటే ఇవాళ అక్కడ మనం చూసే ‘మధ్యయుగపు’ బొమ్మల్లో కొన్ని, మధ్యయుగం మీద మమకారంతో అప్పుడే దిద్దినవి. 1868లో ఆ కోట గోడ ఒకటి కూలి, దాంతో కొన్ని బొమ్మలు పూర్తిగా పోయాయి.

సిద్ధాంతంగా ఈ తగువు పంతొమ్మిదో శతాబ్దంలో పదునెక్కింది. ఫ్రాన్స్‌లో వియోలే ల డ్యూక్ అనే వాస్తుశిల్పి, కట్టడాన్ని సంపూర్ణ రూపానికి తేవడమే పునరుద్ధరణ అన్నాడు. ఆ సంపూర్ణ రూపం చరిత్రలో ఏ ఒక్క క్షణంలోనూ ఉండి ఉండకపోవచ్చని కూడా ఆయనే ఒప్పుకున్నాడు. ఇంగ్లండ్‌లో జాన్ రస్కిన్ దీనికి పూర్తిగా అడ్డం తిరిగాడు. పునరుద్ధరణ అంటే నాశనమే, పోయిన శిల్పి చెయ్యి తిరిగి రాదు, ఉన్నదాన్ని జాగ్రత్తగా కాపాడుకోండి చాలు అన్నాడు. ఇటలీలో కమిలో బొయితో 1883లో మధ్యేమార్గం చూపించాడు: అవసరమైతే కొత్త భాగం కట్టండి, కానీ అది కొత్తదని కనిపించాలి, ఏం చేశారో రాసి పెట్టాలి.

ఎవరి మాటలో బలం వాళ్ళకుంది. వియోలే ల డ్యూక్ పద్ధతి వల్ల కూలిపోయే కట్టడాలు నిలిచాయి, సాధారణ జనానికి చరిత్ర కళ్ళకి కట్టింది. దానికి చెల్లించిన మూల్యం, ఏది పాతో ఏది ఊహో తెలియకపోవడం. రస్కిన్ మాటలో నిజాయితీ ఉంది. కానీ కప్పు లేని ఆల్ప్స్ కోటలో మంచు పడి, కరిగి, గడ్డకడుతుంటే గచ్చు ఎన్ని చలికాలాలు ఆగుతుంది? 1964లో వెనిస్‌లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం బొయితో దారికే దగ్గరగా వచ్చింది. ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగాలని, ఒక కట్టడంలో అన్ని కాలాల వాళ్ళూ చేర్చిన విలువైన భాగాల్ని గౌరవించాలని, అంతా ఒకే శైలిలోకి తేవడం లక్ష్యం కాకూడదని అది చెప్పింది.

ఈ కొలతతో చూస్తే అవొండో పని గురించి మాట్లాడటం సులువు. ఆయన తెచ్చిన మంచాన్ని తీసేస్తే గోడకి ఏమీ కాదు. తప్పయితే దిద్దుకోవచ్చు. పైగా ఆ అమరిక వయసు ఇప్పటికి నూట యాభై ఏళ్ళు దాటింది. పంతొమ్మిదో శతాబ్దపు ఇటలీ తన మధ్యయుగాన్ని ఎలా ఊహించుకుందో చెప్పే ఆధారంగా అదీ కాపాడదగిందే. ఖాళీ గదులే నిజాయితీ అనేవాళ్ళ వాదన నాకు అర్థమవుతుంది కానీ, ఇక్కడ ఖాళీ చేస్తే పోయేది కూడా ఒక చరిత్రే.

ఫెనీస్‌లో ఇంకా తేలని ప్రశ్న

ఫెనీస్ ఆవరణలో సగం గుండ్రంగా పైకి సాగే మెట్లు ఉంటాయి. వాటి చివర గోడ మీద గుర్రమెక్కిన సెయింట్ జార్జ్ డ్రాగన్‌ను చంపుతుంటాడు. చెక్క వసారాల వెంట గోడల మీద జ్ఞానులు, ప్రవక్తలు చేతుల్లో పత్రాలు పట్టుకుని నిలబడి ఉంటారు. ఆ పత్రాల మీద పాత ఫ్రెంచిలో సామెతలు, నీతులు. వీటిలో ముఖ్యమైనవి 1415 ప్రాంతంలో టురిన్ చిత్రకారుడు జాకోమో జాక్వేరియో బృందం వేసినవని ఎక్కువమంది అంగీకరిస్తారు. ఆ శతాబ్దం మధ్యలో మరో చిత్రకారుడు కొన్ని చేర్చాడు. ఇంతవరకు పేచీ లేదు.

ద ఆంద్రాదే బాగా దెబ్బతిన్న భాగాల్ని నిలబెట్టి, 1906లో కోటను ప్రభుత్వానికి ఇచ్చాడు. కానీ ఈనాడు మనం చూసే కోట రూపం చాలావరకు ఆ తర్వాతది. 1935 నుంచి 1942 వరకు, ఫాసిస్టు ప్రభుత్వ కాలంలో, రాజకీయ నాయకుడు చెజారె దె వెక్కి, వాస్తుశిల్పి విట్టోరియో మెస్తురీనో ఆధ్వర్యంలో రెండో విడత పని జరిగింది. కోటకి ఇప్పటి ‘సంపూర్ణ’ రూపం ఇచ్చింది వాళ్ళే. పాత కాలపు చెక్క సామాను తెచ్చి గదుల్లో పెట్టిందీ అప్పుడే. పోస్టుకార్డుల్లో ఫెనీస్ అంత పొందికగా, మధ్యయుగపు కోట అంటే ఇలాగే ఉండాలన్నట్టుగా కనిపించడానికి కారణం ఇదే.

ఇక్కడ వెనిస్ సూత్రం రెండు వైపులా లాగుతుంది. ఊహ మొదలైన చోట ఆగాలన్న నియమం ప్రకారం 1930ల పని హద్దు దాటిందని ఒక పక్షం అంటుంది. గొప్ప గతాన్ని మెరిపించి చూపించాలన్న ఆనాటి ప్రభుత్వ రాజకీయ అవసరం ఆ పొందికలో కలిసి ఉందని, అది సందర్శకుడికి చెప్పాలని వాళ్ళ వాదన. అన్ని కాలాల చేర్పుల్నీ గౌరవించాలన్న నియమం ప్రకారం ఆ పనికి కూడా ఇప్పుడు ఎనభై ఏళ్ళు దాటిన వయసుంది, దాన్ని ఊడదీసే హక్కు మనకి లేదని రెండో పక్షం అంటుంది. ఊడదీస్తే కింద 1415 బయటపడదు, శిథిలం బయటపడుతుంది. ఇస్సోన్యెలో మంచం జరిపినట్టు ఇక్కడ ప్రాకారాన్ని జరపలేం. తీసేయాలన్నవాళ్ళు ఎవరూ పెద్దగా లేరు. ఆ పొరను ఎంత స్పష్టంగా పేరు పెట్టి చూపించాలన్న దగ్గరే ఇప్పటి తేడా అంతా ఉంది.